పిటూనియా నారు పన్నెండో రోజుకి పడిపోయింది, చామంతి కటింగ్స్ అడుగున నల్లబడ్డాయి, తప్పెక్కడ?

మూడో అంతస్తు | అక్టోబర్ 6

అందరికీ నమస్తే. మాది హైదరాబాద్, ఉప్పల్ వైపు. మిద్దె మీద నాలుగేళ్ళ నుంచి కుండీలు పెంచుతున్నా. ప్రతి డిసెంబర్‌లో నర్సరీకి వెళ్ళి పిటూనియా, డయాంథస్, సాల్వియా, చామంతి అన్నీ కలిపి ఒక ఆటో నిండా తెచ్చుకోవడం, మార్చి ఎండకి అవి మాడిపోవడం, మళ్ళీ డిసెంబర్ రాగానే ఇంకో ఆటో. పోయినసారి మా ఆవిడ నాలుగేళ్ళ లెక్క ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించింది, దాంతో నాకు పౌరుషం వచ్చి ఈసారి ఒక్క మొక్క కూడా కొనను, అన్నీ విత్తనం నుంచి, కొమ్మల నుంచి నేనే చేస్తా అని మాటిచ్చేశా.

వెల్డింగ్ అతన్ని పిలిచి జీఐ పైపులతో పదడుగులు బై ఎనిమిదడుగుల షెడ్డు కట్టించా, పైనా నాలుగు వైపులా 200 మైక్రాన్ల యూవీ పాలిథిన్ షీటు, ముందు జిప్ తలుపు. మా పిల్లలు గ్రీన్‌హౌస్ అని బోర్డు కూడా రాసి తగిలించారు. లోపల మూడు వరసల ర్యాకు, 98 గుంతల ప్రోట్రేలు ఆరు.

సెప్టెంబర్ 20న పిటూనియా విత్తనాలు వేశా. పిల్ రూపంలో ఉన్నవి, ప్యాకెట్‌కి వంద. కోకోపీట్ (కొబ్బరి పొట్టు) సగం, ఇంట్లో చేసిన కంపోస్టు సగం కలిపి ట్రే నింపి పైన వేసి స్ప్రేయర్‌తో నీళ్ళు కొట్టా. ఆరో రోజుకి మొలకలు, వందకి ఎనభై పైనే వచ్చాయండి, పొద్దున్నే కళ్ళద్దాలు పెట్టుకుని వెళ్ళి లెక్కపెట్టుకునేవాణ్ణి. పదకొండో రోజు సాయంత్రం ఒక మూల నాలుగైదు పక్కకి వాలాయి, నీళ్ళు తక్కువయ్యాయేమో అని ఇంకొంచెం కొట్టా. మర్నాడు పొద్దున చూస్తే ఆ మూల నుంచి మొదలై సగం ట్రే ఎవరో చేత్తో నిమిరినట్టు పడుకుండిపోయింది. దగ్గరగా చూస్తే ఆకులు పచ్చగానే ఉన్నాయి, మట్టికి ఆనిన చోట మాత్రం కాడ దారప్పోగులా సన్నబడిపోయి ఉంది. ఇవాళ్టికి మిగిలినవి తొమ్మిది.

ఇంకోటి చామంతి. పోయినేడాది తెచ్చిన కుండీల్లో రెండు బతికాయి, ఏపుగా పెరిగాయి, వాటి నుంచి ఇరవై కొమ్మలు జానెడు పొడుగువి కత్తిరించి రాత్రంతా నీళ్ళల్లో పెట్టి, మర్నాడు ఎర్రమట్టి, కంపోస్టు కలిపిన కుండీల్లో గుచ్చి పైన పాలిథిన్ కవర్ బోర్లించా. వారంలో అడుగు నుంచి నల్లబడి, లాగితే జారి వచ్చేస్తున్నాయి, వాసన కూడా. బంతి మాత్రం దేవుడి దయ వల్ల బానే ఉంది.

అంత ఖర్చుపెట్టి షెడ్డు కట్టాక నారు చావడం ఏంటో అర్థం కావట్లేదు, బయట గోడ మీద పెట్టిన డబ్బాలో బంతే షెడ్డులో బంతి కంటే బాగుంది, అది ఇంకా అవమానం. ఎవరైనా చెప్పగలరా?


పాత కుండీ | అక్టోబర్ 6

నారుకుళ్ళు అండి ఇది. టమాట, మిరప నారు పోసే రైతులందరికీ తెలిసిందే. రెండు ప్రశ్నలు: మధ్యాహ్నం షెడ్డు లోపల వేడి ఎంత ఉంటోంది, నీళ్ళు ఏ టైముకి పోస్తున్నారు?


మూడో అంతస్తు | అక్టోబర్ 6

థాంక్సండి. గోడ థర్మామీటర్ ఒకటి పెట్టా, నిన్న రెండు గంటలకి 43 చూపించింది, బయట 31, 32 ఉంటుందేమో. నీళ్ళు పొద్దున ఆఫీసుకి వెళ్ళే ముందు ఒకసారి, రాత్రి ఎనిమిదికి వచ్చాక ఒకసారి. జిప్ తలుపు మూసే ఉంచుతున్నా, తేమ పోకూడదు కదా అని. పొద్దున వెళ్ళేసరికి షీటు లోపలి వైపు నుంచి చుక్కలు చుక్కలుగా నీళ్ళు ట్రేల మీద పడుతుంటాయి, వీడియోల్లో గ్రీన్‌హౌస్ అంటే అలాగే ఉంటుంది కదా, బాగుందనుకున్నా.


గోదారి గట్టు | అక్టోబర్ 7

తమ్ముడూ, నీ షెడ్డు గ్రీన్‌హౌస్ కాదు, ఇడ్లీ కుక్కర్. కోప్పడకు, నవ్వుతూనే అంటున్నా.

మా అమ్మమ్మ వాళ్ళది కడియపులంక, రాజమండ్రి పక్కన. ఆ ఊళ్ళో నర్సరీ లేని ఇల్లు వెతుక్కోవాలి, సెలవులకి వెళ్తే మా పిల్లలందరికీ పని పాలిథిన్ సంచులకి మట్టి నింపడమే, వందకి ఇంత అని మా తాతయ్య చిల్లర ఇచ్చేవారు. అక్కడ నేర్చుకున్నది చెప్తా, తర్వాత నీ ఇష్టం.

మూసి ఉంచే గాజిల్లు, ప్లాస్టిక్ ఇల్లు చలి దేశాల వాళ్ళకి కావాలి. వాళ్ళకి బయట మంచు, లోపల వెచ్చదనం కావాలి. మనకి వెచ్చదనం కొనుక్కోవాల్సిన ఖర్మేంటి? మన దగ్గర నారుకి కావాల్సింది మూడు, మధ్యాహ్నం ఎండ నేరుగా పడకుండా నీడ, పెద్ద వాన నేరుగా పడకుండా కప్పు, అన్నిటికన్నా ముఖ్యం గాలి. అందుకే ఆ నాలుగు పక్కల పాలిథిన్ ఇవాళే పీకేసి పక్కలకి దోమతెర లాంటి నెట్ కట్టు, పైన షీటు ఉంచుకో వాన కోసం, దాని మీద ఒక అడుగు ఎత్తులో 50 శాతం షేడ్‌నెట్ వెయ్యి. షీటుకీ నెట్‌కీ మధ్య ఖాళీ ఉండాలి, అంటించి వేస్తే నెట్ వేడి కూడా లోపలికే దిగుతుంది. ఇలా చేస్తే నీ 43 చాలా వరకు దిగొస్తుంది.

ఇక నారుకుళ్ళు. ఆ పెద్దాయన చెప్పింది కరెక్టు. పిథియం, రైజోక్టోనియా అని మట్టిలో ఉండే బూజులు, తడి, గాలాడకపోవడం, నారు ఒత్తుగా ఉండటం, ఈ మూడు కలిస్తే ఒక్క రాత్రిలో ట్రే ఊడ్చేస్తాయి. నువ్వు రాత్రి ఎనిమిదికి నీళ్ళు కొట్టి జిప్ వేసి పడుకుంటున్నావు, అది చాలు వాటికి. పైగా ఇంట్లో చేసిన కంపోస్టు సగం వేశావు, అది బాగా మాగిందో లేదో ఎవరికి తెలుసు. విత్తనం మొలకెత్తడానికి ఎరువు అక్కర్లేదు, దాని తిండి దానిలోనే ఉంటుంది, మొదటి రెండు వారాలు దానికి కావాల్సింది శుభ్రమైన, నీరు నిలవని చోటు. ఎరువు తర్వాత.

నేనైతే కోకోపీట్ మూడు పాళ్ళు, జల్లెడ పట్టిన వర్మీకంపోస్టు ఒక పాలు. కోకోపీట్ ఇటుకని నానబెట్టి వాడేశావా లేక కడిగావా? చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. కొబ్బరి పొట్టులో ఉప్పు ఉంటుంది, నానబెట్టి గుడ్డలో వేసి పిండి, మళ్ళీ నీళ్ళు పోసి పిండి, కనీసం మూడు సార్లు, మొదటి నీళ్ళు టీ డికాషన్‌లా వస్తాయి, మూడోసారికి లేత రంగుకి రావాలి. కడగని దాంట్లో మొలకల ఆకుల అంచులు మాడినట్టు అవుతాయి.

మిగిలిన ఆ తొమ్మిది మొక్కలున్న ట్రే పక్కన పెట్టెయ్, మిగతావాటికి తగలనివ్వకు. కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే బూజు మందు లీటరు నీళ్ళకి మూడు గ్రాములు కలిపి మొదళ్ళు తడిసేలా పొయ్యి, ఆ తొమ్మిదిలో కొన్నైనా దక్కుతాయి. పడిపోయినవి లేవవు, వాటి మీద ఆశ పెట్టుకోకు. కొత్తగా పోసే నారుకైతే ముందే ట్రైకోడెర్మా విరిడి పొడి కిలో మిశ్రమానికి పది గ్రాములు కలిపి తేమగా గోనెసంచి కింద వారం ఉంచి అప్పుడు ట్రేలు నింపు. రెండూ ఒకేసారి మాత్రం వాడొద్దు, ట్రైకోడెర్మా కూడా బూజే, కాకపోతే మేలు చేసేది, మందు పడితే అదీ దెబ్బతినొచ్చు, పెట్టిన డబ్బు నీళ్ళల్లో పోసినట్టే. ఆ పాత ట్రేలు సబ్బుతో రుద్ది కడిగి ఎండలో రెండు రోజులు బోర్లించు.

నీళ్ళు పొద్దున మాత్రమే. రాత్రికి పైమట్టి ఆరినట్టు ఉండాలి. ట్రే ఎత్తి చూడు, బరువుగా ఉంటే పొయ్యొద్దు, తేలిగ్గా ఉంటే వెడల్పాటి పళ్ళెంలో ఒక అంగుళం నీళ్ళు పోసి ట్రే అందులో పెట్టు, పదిహేను నిమిషాల్లో కింద నుంచి పీల్చుకుంటుంది, తీసి వార్చెయ్. పైనుంచి స్ప్రే కొట్టడం మొలక వచ్చేదాకే.

అసలు సెప్టెంబర్ 20 పిటూనియాకి తొందరెక్కువ. అది 21 నుంచి 24 డిగ్రీల్లో హాయిగా మొలుస్తుంది, అక్టోబర్ మూడోవారం నుంచి హైదరాబాద్ రాత్రులు చల్లబడతాయి కదా, అప్పుడు పొయ్యి. మాకు రాజమండ్రిలో అయితే ఉక్క వల్ల నవంబర్ దాకా ఆగుతాం. పిటూనియా విత్తనం మీద మట్టి కప్పకూడదు, దానికి వెలుతురు కావాలి, నువ్వు పైనే వేశావు, అది బాగా చేశావు. బిళ్ళగన్నేరు వేస్తే మాత్రం ఉల్టా, దాన్ని కప్పాలి, చీకట్లో మొలుస్తుంది.

చామంతి సంగతి పెద్దది, సాయంత్రం రాస్తా, ఇప్పుడు కుక్కర్ కూతేస్తోంది, అసలు కుక్కర్.


బతుకమ్మ పువ్వు | అక్టోబర్ 7

అన్నా ఇంత కష్టమెందుకే. మాది జనగామ దిక్కు. మా అమ్మ ప్రతి ఏడు దసరాకు గడపకు కట్టిన బంతిపూల తోరణం తీసి పడేయదు, అట్లనే కొండికి వేలాడేస్తది. నెల దాటినంక చేతుల మధ్య పెట్టి నలిపితే నల్లటి సూదుల్లెక్క విత్తనాలు రాలుతయ్, పెరట్ల గీత గీసి చల్లి ఇంత మట్టి కప్పుతది అంతే, నాలుగైదు రోజులల్ల మొలుస్తయ్. ట్రే లేదు మందు లేదు షేడ్‌నెట్ లేదు. సీతమ్మజడ అయితే అదే రాలి అదే మొలుస్తది, పీకి పారేయనీకి సగం రోజు పోతది.

పిటూనియా గిటూనియా నర్సరీల పది రూపాయలకు దొరుకుతది కద, పది మొక్కలు తెచ్చుకో, వదినకు చెప్పకు.

ఒక మాట అయితే, తోరణం బంతి నుంచి తీసిన విత్తనానికి మొక్కలు ఒక్కతీరు రావు. ఒకటి నడుముదాక పెరుగుతది, ఒకటి మోకాలు దాటదు, ఒకటి ముద్దబంతి ఒకటి రేకబంతి. మార్కెట్‌కు వచ్చే పెద్ద పూలు చానా వరకు హైబ్రిడ్‌లే ఉంటయ్ కాబట్టి దాని పిల్లలు తల్లి లెక్క రావు. మా అమ్మకు అదే ఇష్టం, వరసల అన్నీ ఒక్కతీరుంటే ఏం బాగుంటది అంటది. నీకు మెట్లమీద వరసగా ఒకే ఎత్తు కావాలంటే మాత్రం ప్యాకెట్ విత్తనమే కొనుక్కో.


మూడో అంతస్తు | అక్టోబర్ 7

తమ్ముడూ పది రూపాయల సలహా మా ఆవిడ కూడా చదివింది, ఇప్పుడు ఫ్రిజ్ మీద ఇంకో కాగితం వచ్చింది.

అక్కా చాలా థాంక్స్, పక్కల షీటు ఇవాళ సాయంత్రమే విప్పేశా. కోకోపీట్ కడగలేదు, నానబెట్టి వాడేశా. చామంతి గురించి ఎదురుచూస్తున్నా.


గాజు గది | అక్టోబర్ 7

ఇడ్లీ కుక్కర్ మాట చదివి గట్టిగా నవ్వా, ఎందుకంటే మా కష్టం సరిగ్గా దానికి తిరగేసి ఉంటుంది. నేను ఇంగ్లాండ్‌లో లెస్టర్‌లో ఉంటా, ఇక్కడికొచ్చి పద్నాలుగేళ్ళు, ఇంటి వెనక ఆరడుగులు బై ఎనిమిదడుగుల గాజు గ్రీన్‌హౌస్ ఒకటి పాత ఓనర్ వదిలేసి వెళ్ళాడు, మొదటి రెండేళ్ళు అందులో సైకిళ్ళు పెట్టాం.

ఇక్కడ బెడ్డింగ్ ప్లాంట్స్ అంటే ఒక సీజన్ పిచ్చి, మే నెల వస్తే జనం ట్రేలు ట్రేలుగా కొనుక్కెళ్ళి ఇంటి ముందు నింపేస్తారు. నేను ఫిబ్రవరి చివర్లో పిటూనియా, లొబీలియా వేస్తా, బయట ఇంకా గడ్డ కట్టే చలి, అందుకని కింద నుంచి వేడి ఇచ్చే చిన్న కరెంటు ట్రే ఉంటుంది, దాని మీద విత్తనం. మొలక రాగానే కిటికీ దగ్గరికి, మార్చి చివరికి గ్రీన్‌హౌస్‌లోకి. లోపల గాజుకి బుడగల ప్లాస్టిక్ అంటిస్తా, రాత్రికి చిన్న హీటరు. ఒక ఏడాది కిరసనాయిలు హీటరు పెట్టా, అది మండితే నీటి ఆవిరి వస్తుంది కదా, కిటికీ మూసి ఉంచా, నాలుగు రోజుల్లో మీకు జరిగిందే నాకూ జరిగింది, రెండు ట్రేలు. అందుకే ఇప్పుడు చలి ఎంత ఉన్నా ఎండొచ్చిన పూట పై కిటికీ ఒక గంటైనా తీస్తా. చలి దేశమైనా గాలి మాత్రం కావాలి, గోదారి గట్టు అక్క చెప్పింది ఇక్కడికీ వర్తిస్తుంది.

రెండు విషయాలు చెప్తా, ఇవి ఎవరూ రాయలేదు. మొదటిది మొలకని ట్రే నుంచి కుండీకి మార్చేటప్పుడు ఎక్కడ పట్టుకుంటున్నారో చూసుకోండి. ముందొచ్చే రెండు ఆకులు విత్తనం ఆకులు, తర్వాత వచ్చేవి అసలు ఆకులు, ఒక జత అసలు ఆకులు వచ్చాక మార్చాలి, పట్టుకునేది ఆకుని మాత్రమే, కాడని కాదు. ఆకు నలిగితే ఇంకో ఆకు వస్తుంది, కాడ నలిగితే మొక్కే పోతుంది. నేను పాత పెన్సిల్‌తో కింద నుంచి పైకి లేపుతా, రెండో చేత్తో ఆకు అంచు రెండు వేళ్ళ మధ్య, ఊపిరి బిగబట్టి, మా పాప దారంలోకి సూది ఎక్కిస్తున్నావా నాన్నా అంటుంది, సూదిలోకి దారం అనాలని చెప్పీ చెప్పీ వదిలేశా.

రెండోది, షెడ్డులో పెరిగిన మొక్కని ఒకేసారి ఎండలో పెట్టొద్దు. మాకు మే చివరిదాకా మంచు భయం కాబట్టి రెండు వారాల పాటు పగలు బయట పెట్టి రాత్రి లోపలికి తెస్తాం. మీకు మంచు లేదు కానీ ఎండ ఉంది, నీడలో పెరిగిన లేత ఆకు మిద్దె ఎండకి ఒక్క పూటలో తెల్లబడిపోతుంది. మొదట పొద్దున ఒక గంట, తర్వాత రెండు, అలా వారం పదిరోజులు.

జెరేనియం ఉంటే కటింగ్స్‌కి చాలా సులువు, ఆగస్టులో తీసి చలికాలమంతా గ్రీన్‌హౌస్‌లో దాచుకుంటాం. కత్తిరించాక కొన్ని గంటలు నీడలో ఆరనిచ్చి గుచ్చాలి, తడి తడిగా గుచ్చితే అడుగు నల్లబడి మీ చామంతిలాగే పోతుంది. హైదరాబాద్‌లో జెరేనియం ఎండాకాలం నిలవడం కష్టం అని మా పిన్ని అంటుంది, ఆవిడ మూడుసార్లు ప్రయత్నించింది.


గోదారి గట్టు | అక్టోబర్ 8

లెస్టర్ బాబూ బాగా చెప్పావు, ఆకు పట్టుకునే సంగతి నేను మర్చిపోయా, చేతికి అలవాటైపోయినవి చెప్పాలని తట్టదు.

ఇప్పుడు చామంతి. తమ్ముడూ నీ తప్పులు వరసగా చెప్తా, అన్నీ ఒక్కసారే చేశావు కాబట్టి ఒక్కసారే వినెయ్.

జానెడు కొమ్మ వద్దు. కొస నుంచి రెండు మూడు అంగుళాలు చాలు, లేతగా ఉండాలి, వంచితే టక్కున విరగాలి, నారలా వంగితే ముదిరినట్టు. కణుపు కింద కొయ్యి, కింది ఆకులు తీసెయ్, పైన మూడు నాలుగు ఆకులు ఉంచు. బ్లేడు అయితే మంచిది, వంటింటి కత్తెర నలిపేస్తుంది. రాత్రంతా నీళ్ళల్లో నానబెట్టకు, కోసిన అరగంటలో గుచ్చెయ్యాలి, నీళ్ళల్లో పెడితే అక్కడే కుళ్ళు మొదలు. కోలియస్ అయితే నీళ్ళ గ్లాసులో పెట్టినా వారం పదిరోజులకి వేళ్ళొస్తాయి, గడ్డిగులాబీ అయితే తుంచి పారేసినా బతుకుతుంది, చామంతి అలా కాదు.

ఎర్రమట్టిలో కంపోస్టు కలిపి గుచ్చావు, వేళ్ళే లేని కొమ్మకి ఎరువెందుకు చెప్పు, నోరే లేనివాడికి భోజనం వడ్డించినట్టు. కడిగిన ఇసుక సగం, కోకోపీట్ సగం, అంతే. మా ఊళ్ళో అయితే గోదారి ఒండ్రు ఇసక. వేళ్ళు రావడానికి దుకాణంలో పొడి అమ్ముతారు, లేత కొమ్మలకి వాడే రకం అడుగు, అడుగు ముంచి ఎక్కువైంది దులిపి గుచ్చు. కలబంద గుజ్జు రాస్తారు, దాల్చినచెక్క పొడి అద్దుతారు, నేను పక్కపక్కన పెట్టి చూశా, నాకు తేడా కనపడలేదు, ఇష్టమైతే రాసుకో. పాలిథిన్ కవర్ కప్పడం మంచిదే కానీ నీడలో, ఎండ తగిలే చోట కప్పితే లోపల ఉడికిపోతుంది, రోజూ పొద్దున పది నిమిషాలు తియ్యి. రెండు వారాలకి మెల్లగా లాగి చూస్తే పట్టు తెలుస్తుంది.

అసలైంది చివర్లో చెప్తున్నా. నువ్వు కోసిన కొమ్మల చివర్లో ఆవగింజంత పచ్చటి మొగ్గలు ఉన్నాయా? సెప్టెంబర్ చివరికి చామంతి మొగ్గ కట్టే పనిలో పడుతుంది, మొగ్గ పట్టిన కొమ్మకి వేరు మీద ధ్యాస ఉండదు. చామంతికి పగలు తగ్గి రాత్రి పెరిగితేనే పువ్వు, అది దాని లెక్క. అందుకే నర్సరీల్లో పూలయిపోయాక మొక్క కింద నుంచి వచ్చే పిలకలు దాచి, జూన్ జులైలో కొమ్మలు కోసి నాటి, ఒకటి రెండుసార్లు తలలు తుంచి గుబురు చేస్తారు, అప్పటికి రాత్రులు పెరిగి అన్నీ ఒకేసారి పూస్తాయి. నువ్వు ఇప్పుడు నాటితే వేరు పట్టినా అరచెయ్యంత మొక్కకే ఒక పువ్వు పూసి ఊరుకుంటుంది.


మూడో అంతస్తు | అక్టోబర్ 8

అక్కా మొగ్గలు ఉన్నాయి. నేనే మురిసిపోయా, కొత్త మొక్కకి అప్పుడే మొగ్గ అని.

ఒక డౌటు. బతికిన రెండు కుండీల్లో ఒకటే మొగ్గ కట్టింది. రెండోది ఏపుగా ఉంది, పచ్చగా ఉంది, ఒక్క మొగ్గ లేదు. పోయిన డిసెంబర్‌లో కొన్నప్పుడు రెండూ ఒకే రకం, ఒకే నర్సరీ, ఎరువు కూడా ఒకటే. ఇదేంటి?


గోదారి గట్టు | అక్టోబర్ 8

ఆ కుండీ దగ్గర రాత్రి లైటు ఏమైనా వెలుగుతుందా?


మూడో అంతస్తు | అక్టోబర్ 8

మెట్ల దగ్గర ట్యూబులైటు. దొంగల భయంతో రాత్రంతా వేసే ఉంచుతాం. కుండీ సరిగ్గా దాని కిందే.


గోదారి గట్టు | అక్టోబర్ 8

దొరికింది. దానికి ఇంకా ఎండాకాలం పగలే అనుకుంటోంది పాపం. చిక్కబళ్ళాపూర్ వైపు రాత్రి బస్సులో వెళ్తే చామంతి తోటల్లో వరసగా బల్బులు వెలుగుతుంటాయి, పెళ్ళి పందిరేమో అనుకుంటారు కొత్తవాళ్ళు, రైతులు పువ్వు ఆపి మొక్క పెంచుకోవడానికి పెట్టేవే అవి.

ఇప్పుడు నీ అదృష్టం చూడు. మొగ్గలేని ఆ మొక్క నుంచే కొసలు కొయ్యి, కటింగ్స్ ఆ ట్యూబులైటు కిందే పెట్టు. మొగ్గ కట్టకుండా వేళ్ళు పడతాయి, నాలుగైదు వారాలు పెరగనిచ్చి ఒకసారి తల తుంచు, తర్వాత చీకటి మూలకి మార్చు. సంక్రాంతికి కాకపోయినా ఆ తర్వాత పూస్తాయి.


పాత కుండీ | అక్టోబర్ 9

సంక్రాంతి అన్నారు కాబట్టి, గొబ్బెమ్మల మీదకి బంతిపూలు సొంతవి కావాలంటే ఈ నెల దాటించకుండా విత్తనం వేసెయ్యండి, విత్తిన అరవై డెబ్బై రోజులకి పూత. నాటిన మూడు వారాలకి తల తుంచితే పక్క కొమ్మలు వస్తాయి, పువ్వు కొద్దిగా ఆలస్యం అవుతుంది కానీ ఎక్కువ వస్తుంది. ట్రేల చుట్టూ చిన్న నల్ల దోమల్లాంటివి ఎగురుతుంటే పసుపు జిగురు అట్టలు కట్టండి, వాటి పురుగులు తడి కోకోపీట్‌లో వేళ్ళు తింటాయి, పైమట్టి ఆరనిస్తే సగం వాటంతటవే తగ్గుతాయి.


మూడో అంతస్తు | నవంబర్ 24

చాలామంది మెసేజ్ పెట్టి ఏమైంది అని అడిగారు, ఆలస్యానికి సారీ.

పక్కలకి నెట్, పైన షేడ్‌నెట్ వేశాక మధ్యాహ్నం 33 దాటలేదు. అప్పట్లో మిగిలిన తొమ్మిది పిటూనియాల్లో నాలుగు దక్కాయి. అక్టోబర్ 22న మళ్ళీ వంద వేశా, ఈసారి కోకోపీట్ నాలుగుసార్లు పిండా, మొదటి నీళ్ళు నిజంగానే డికాషన్‌లా వచ్చాయి, మా నాన్నగారు దూరం నుంచి చూసి కాఫీ ఎవరికి అన్నారు. 81 మొలిచాయి, 74 ఇప్పుడు చిన్న కుండీల్లో ఉన్నాయి. మార్చేటప్పుడు మొదటి పది కాడ పట్టుకునే లాగా, చెప్పినా వినని చెయ్యి, అందులో ఆరు పోయాయి. ఇంకోటి దారిలో పిల్లి తొక్కింది. ట్రే ఎత్తి బరువు చూడటం మొదటి వారం ఏమీ అర్థం కాలేదు, తర్వాత చేతికి తెలిసిపోతోంది, ఇప్పుడు ఎత్తగానే ఇవాళ వద్దు, రేపు అని చెప్పేస్తున్నా.

ఒక పొరపాటు మళ్ళీ చేశా. పాన్సీ విత్తనాలు కూడా అదే రోజు వేశా, ఒక్కటంటే ఒక్కటీ మొలవలేదు. తర్వాత చదివితే దానికి ఇంకా చల్లగా ఉండాలట, 18, 20 డిగ్రీలు. మిగిలిన సగం ప్యాకెట్ పోయిన వారం వేసి పగలు ఇంట్లో గచ్చు మీద మంచం కింద పెట్టా, నిన్న మూడు తలలెత్తాయి.

చామంతి: ట్యూబులైటు కింది మొక్క నుంచి పన్నెండు కొసలు కోశా, పది పట్టాయి. పదహారో రోజు ఒకటి లాగి చూద్దామని ఆగలేక మొత్తం పీకేశా, అడుగున తెల్లటి వేళ్ళు సేమియాలాగా, మళ్ళీ గుచ్చేశా, బతికింది. పోయిన ఆదివారం అన్నిటికీ తలలు తుంచా, ఇంకో వారంలో చీకటి మూలకి మారుస్తా. ట్యూబులైటు మాత్రం ఆర్పట్లేదు, దాని కింద మా ఆవిడ నర్సరీ నుంచి కొత్తగా తెచ్చిన పాయిన్‌సెట్టియా ఉంది. అవును, తనే కొంది. ఆకులు ఎర్రబడట్లేదు అని అడుగుతోంది, ఏం చెప్పమంటారు?


గోదారి గట్టు | నవంబర్ 24

అది కూడా చామంతి బాపతే తమ్ముడూ, రాత్రి చీకటి కావాలి. ముందు ఫ్రిజ్ మీద కాగితం తీయించు, అప్పుడు చెప్పు.